ఇంటి కరెంటు పద్దు

(మహిళా సంఘం సమావేశం కోసం రాసిన ప్రసంగం)



నెలకోసారి కరెంటు బిల్లు కొట్టే మనిషి వస్తాడు. మీటరు చూస్తాడు. చేతిలోని చిన్న మిషను నుంచి పొడుగాటి కాగితం చింపి ఇస్తాడు. వెళ్లిపోతాడు. చాలా ఇళ్లలో ఆ కాగితం ఏమవుతుంది? మేకుకు గుచ్చుతారు. లేకపోతే దేవుడి పటం వెనక పెడతారు. అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూస్తారు. "అమ్మో, ఈసారి ఇంత వచ్చిందా!" అనుకుంటారు. అంతే.

ఆ కాగితం మీద ఇంకా చాలా సంగతులు ఉన్నాయి. అంకెలు చదవడం వచ్చినవాళ్లు వాటిని ఒక్కొక్కటే చదవవచ్చు. గత రీడింగు అని ఒక అంకె ఉంటుంది. ప్రస్తుత రీడింగు అని ఇంకో అంకె ఉంటుంది. ప్రస్తుత రీడింగులోంచి గత రీడింగు తీసేయండి. వచ్చిందే ఆ నెల యూనిట్లు. గత రీడింగు 4,210, ఇప్పటి రీడింగు 4,338 అనుకోండి. తేడా 128. అంటే ఆ ఇంట్లో 128 యూనిట్లు వాడారన్నమాట. ఈ తీసివేత సరిగ్గా ఉందో లేదో మొట్టమొదట చూడాలి.

బిల్లులో స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, కరెంటు సుంకం అని ఇంకొన్ని వరుసలు ఉంటాయి. కొన్ని బిల్లుల్లో ఇంధన సర్దుబాటు అని కూడా ఉంటుంది. వీటి రేటు మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది యూనిట్లే. అందుకని ఇక్కడ యూనిట్ల సంగతే చెప్పుకుందాం.

యూనిట్ అంటే ఏమిటి? బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. కరెంటును యూనిట్లలో కొలుస్తారు. ప్రతి కరెంటు వస్తువు మీద వాట్లు ఎన్నో రాసి ఉంటుంది. బల్బు గుండు మీద, మిక్సీ అడుగున, టీవీ వెనక చూడండి. అంకె పక్కన ఇంగ్లీషు అక్షరం 'డబ్ల్యు' ఉంటే అది వాట్లు. ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే పిల్లల్ని అడగండి, చూపిస్తారు. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే 1 యూనిట్ కాలుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు వేడెక్కితే 1 యూనిట్. పాతకాలపు 60 వాట్ల బల్బు పదహారు గంటల 40 నిమిషాలు వెలిగితే 1 యూనిట్. అదే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 111 గంటలు వెలుగుతుంది. అప్పుడుగాని ఒక యూనిట్ కాదు. వెలుతురు మాత్రం ఇంచుమించు అంతే.

లెక్క కట్టడం ఇలాగ. వాట్లను గంటలతో గుణించాలి. వచ్చినదాన్ని వెయ్యితో భాగించాలి. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు. రోజుకు 10 గంటలు తిరిగితే 750. అంటే ముప్పావు యూనిట్. నెలకు ఇరవై రెండున్నర. ఇంతకుమించి కష్టమైన లెక్క ఇందులో లేదు. చిట్‌ఫండు లెక్క దీనికంటే చిక్కు.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. తెలంగాణలో ఒక చిన్న పట్టణం. రెండు గదులు, ఒక వంటిల్లు. భార్యాభర్తలు, పదో తరగతి చదివే కూతురు, ఆరో తరగతి కొడుకు, అత్తగారు. మొత్తం ఐదుగురు. ఆ ఇంటికి తెల్ల రేషన్ కార్డు లేదు. అందుకని ఉచిత కరెంటు పథకం రాలేదు. ఇది అనుకున్న ఇల్లే. కాని ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు ఉంటాయి.

ఆ నెల బిల్లు 128 యూనిట్లు వచ్చింది. ఇంటాయనకు కోపం వచ్చింది. బిల్లు ఎక్కువ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరి మీద పడాలి కదా! కూతురి మీద పడ్డాడు.

"రాత్రి పదకొండు దాకా ఆ లైటు ఏందే? బిల్లు చూసినవా? రేపటి నుంచి తొమ్మిదింటికి బంద్ చెయ్."

పిల్ల మాట్లాడలేదు. పుస్తకం మూసింది. తల్లి అంతా చూసింది. ఆమె ఆ ఏడాదే చదువు నేర్చుకుంది. కూడికలు, తీసివేతలు, గుణకారాలు వచ్చు. "ఏమయ్యా, పిల్ల లైటుకే ఇంత బిల్లు వస్తదా? రెండు రోజులు ఆగు, లెక్క చూద్దాం" అంది.

మర్నాడు ఆమె కొడుకు దగ్గర ఒక పాత నోటుపుస్తకం తీసుకుంది. ఇంట్లో ఏమేమి కరెంటుతో నడుస్తాయో ఒక్కొక్కటే రాసింది. పక్కన వాట్లు రాసింది. అది ఎన్ని గంటలు నడుస్తున్నదో రెండు రోజులు గమనించింది. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడిగితే సరిగ్గా చెప్పరు. "ఎంతసేపు? గంటసేపేలే!" అంటారు. అందుకని ఎవరినీ అడగలేదు. తనే చూసింది. ముందరి గదిలో ఫ్యాను ఎవరూ లేకపోయినా తిరుగుతున్నది. టీవీ ఆపినా దాని కింద ఉన్న కేబుల్ డబ్బా ఎర్రదీపంతో అట్లాగే ఉంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందంటే కరెంటు తింటున్నదన్నమాటే. గుమ్మం బయట బల్బు సాయంత్రం వేస్తే తెల్లారిందాకా వెలుగుతున్నది.

ఇట్లా ఇంట్లో కరెంటు ఎక్కడెక్కడ ఖర్చవుతున్నదో వెతికి రాసుకోవడాన్ని ఇంగ్లీషులో ఎనర్జీ ఆడిట్ అంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ పని చేయడానికి ప్రత్యేకంగా చదువుకున్న ఇంజనీర్లు ఉంటారు. ఇంటికి అంత అవసరం లేదు. ఇంట్లో ఏ స్విచ్చి ఎప్పుడు వేస్తారో ఇల్లాలికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు.

ఆమె పుస్తకంలో నెల లెక్క ఇలా తేలింది.

రెండు ఫ్యాన్లు, రోజుకు మొత్తం 24 గంటలు – 54 యూనిట్లు
బయటి బల్బు, 60 వాట్లు, 10 గంటలు – 18
ఫ్రిజ్ – 15
ట్యూబులైటు, చోకుతో కలిపి 50 వాట్లు, 5 గంటలు – ఏడున్నర
టీవీ, 50 వాట్లు, 5 గంటలు – ఏడున్నర
వంటింటి బల్బు, 60 వాట్లు, 4 గంటలు – 7
కేబుల్ డబ్బా, 10 వాట్లు, 24 గంటలు – 7
ఇస్త్రీ పెట్టె – 4
మిక్సీ – రెండున్నర
ఫోన్ల ఛార్జింగు – 1

మొత్తం 123న్నర. బిల్లులో 128 ఉంది. నాలుగున్నర యూనిట్లు కుదరలేదు. పరవాలేదు. ఇంటి లెక్క పైసాతో సహా కుదరదు. చుట్టాలు వచ్చిన రోజు ఒకటి ఉంటుంది, పిండి రుబ్బిన రోజు ఒకటి ఉంటుంది. సగం తేడా వస్తే మాత్రం అనుమానించాలి. దాని సంగతి తరవాత.

ఇప్పుడు కూతురి లైటు చూడండి. ఆ పిల్ల చదువుకునేది రాత్రి 3 గంటలు. 50 వాట్లు, 3 గంటలు, 30 రోజులు. నాలుగున్నర యూనిట్లు. అంటే ఆ నెల రేటులో 21 రూపాయల పైచిలుకు. 21 రూపాయల కోసం పదో తరగతి పిల్ల పుస్తకం మూయాలా? ఎవరూ చూడని బయటి బల్బు దానికి నాలుగింతలు తింటున్నది. ఎవరికీ కనపడకుండా కూర్చున్న కేబుల్ డబ్బా కూడా ఆ పిల్ల చదువు కంటే ఎక్కువ తింటున్నది. లెక్క రాయకపోతే ఈ సంగతి బయటపడేది కాదు. మాట పడేది మాత్రం పిల్ల.

బయటి బల్బు ఆర్పేద్దామా అంటే అత్తగారు ఒప్పుకోలేదు. "నాకు రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తది బిడ్డా. మెట్టు కనపడకపోతే పడిపోతా" అంది. ఆ మాట నిజమే. పెద్దావిడ పడి కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎన్ని సంవత్సరాల కరెంటు బిల్లు? కోడలు వాదించలేదు. "బల్బు ఆర్పనులే అత్తమ్మా, మారుస్తా" అంది. రెండు ఎల్ఈడీ బల్బులు కొనుక్కొచ్చింది. ఒకటి బయట, ఒకటి వంటింట్లో పెట్టింది. 9 వాట్ల బల్బు సుమారు 100 రూపాయలకు దొరుకుతుంది. ఒకప్పుడు ఇవి చాలా ఖరీదు. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం పెట్టి కోట్ల బల్బులు తక్కువ ధరకు పంచింది. అప్పటి నుంచి బజారులో కూడా ధర దిగింది.

బయటి బల్బు 18 యూనిట్ల నుంచి 3 యూనిట్ల లోపుకు వచ్చింది. వంటింటి బల్బు 7 నుంచి ఒకటికి వచ్చింది. కేబుల్ డబ్బాను టీవీతో పాటే గోడ దగ్గర స్విచ్చి ఆపడం మొదలుపెట్టారు. అక్కడ ఐదున్నర మిగిలింది. ముందరి గది ఫ్యాను మనిషి లేని 3 గంటలు ఆపారు. అక్కడ ఆరు ముప్పావు. ఆ ఆపే పని కొడుక్కి అప్పగించింది. ఆరో తరగతి పిల్లవాడికి పెత్తనం ఇస్తే ఇంట్లో ఎవరినీ వదలడు! నాన్ననూ వదలలేదు.

మొత్తం 33 యూనిట్లు తగ్గాయి. 128 కాస్తా 95 అయింది. అత్తగారి మంచం పైన ఫ్యాను ఒక్క నిమిషం ఆగలేదు. పిల్ల చదువు ఒక్క నిమిషం తగ్గలేదు.

మరి డబ్బు ఎంత తగ్గింది? ఇక్కడే అందరూ జాగ్రత్తగా వినాలి. కరెంటు రేటు బియ్యం రేటు లాంటిది కాదు. ఎన్ని కిలోలు కొన్నా బియ్యం కిలో రేటు ఒకటే. కరెంటు అట్లా కాదు. ఎక్కువ వాడితే యూనిట్ ధర కూడా పెరుగుతుంది. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆ మెట్టునే స్లాబు అంటారు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లు చూద్దాం. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 95 పైసలు. తరవాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసలు. 100 దాటితే ఈ చవక రేటు మొత్తం పోతుంది. మొదటి యూనిట్ నుంచీ 3 రూపాయల 40 పైసలు కట్టాలి. 100 పైన ఉన్నవాటికి 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే మళ్లీ మొదటి నుంచీ 5 రూపాయల 10 పైసలు, 200 పైన 7 రూపాయల 70 పైసల నుంచి మొదలు.

సరిగ్గా 100 యూనిట్లు వాడిన ఇంటికి 252 రూపాయల 50 పైసలు. 101 యూనిట్లు వాడిన ఇంటికి 344 రూపాయల 80 పైసలు. చూశారా? ఆ ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయలు! రెండు పూటలు టీవీ, ఫ్యాను ఆపితే మిగిలే యూనిట్ అది. 200 దగ్గర కూడా ఇట్లాంటి గండే ఉంది. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు. ఇవి యూనిట్ల డబ్బు మాత్రమే, మిగతా ఛార్జీలు వేరే.

మనం చెప్పుకున్న ఇంటికి 128 యూనిట్లకు 474 రూపాయల 40 పైసలు పడింది. 95 యూనిట్లకు 237 రూపాయలు పడింది. యూనిట్లు తగ్గింది నాలుగో వంతే. డబ్బు తగ్గింది సగం. బల్బులకు పెట్టిన 200 రూపాయలు మొదటి నెలలోనే తిరిగొచ్చాయి. కాబట్టి పుస్తకంలో మొదటి పేజీ మీద రాసుకోవలసిన ప్రశ్న ఇది: మన ఇల్లు ఏ మెట్టు అంచున ఉంది?

గృహజ్యోతి పథకం ఉన్న ఇళ్ల సంగతి వేరు. తెలంగాణలో 2024లో ఈ పథకం మొదలైంది. అర్హత ఉండి, దరఖాస్తు పెట్టుకున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. "మాకు ఉచితమే, ఇక లెక్క ఎందుకు?" అని కొందరు అంటారు. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ. అంటే 200 అయితే సున్నా, 201 అయితే వెయ్యి దాటుతుంది. ఎండాకాలంలో కూలరు పెట్టిన ఇళ్లలో ఇదే జరుగుతుంది. వాళ్లకే ఈ పద్దు ఇంకా ఎక్కువ అవసరం.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి కొంచెం నయం. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లలో మొదటి 30 యూనిట్లు అందరికీ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. మెట్టు ఎక్కినా కింది మెట్ల చవక రేటు పోదు. గండి లేదు. అయినా చివర కాలే యూనిట్లే అన్నిటికంటే ఖరీదు. పొదుపు చేసినప్పుడు ముందు మిగిలేవి ఆ ఖరీదైన యూనిట్లే. రేట్లు ఏటా మార్చే అధికారం విద్యుత్ నియంత్రణ మండలికి ఉంది. కాబట్టి ఇక్కడ విన్న అంకెను అట్లాగే నమ్మి ఊరుకోకండి. మీ బిల్లు మీది అంకె చూడండి.

ఇప్పుడు వస్తువుల సంగతి. ఫ్యాను గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో సగం కరెంటు దానిదే. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. అవి 30 వాట్లతోనే తిరుగుతాయి. పాతది 75 వాట్లు. సగానికి పైగా ఆదా. కాని ధర రెండున్నర వేల నుంచి మూడు వేల దాకా ఉంటుంది. బాగా తిరుగుతున్న ఫ్యానును పీకేసి అప్పు చేసి కొత్తది కొనకండి. 95 యూనిట్ల ఇంట్లో రెండు ఫ్యాన్లూ మారిస్తే నెలకు సుమారు 88 రూపాయలు మిగులుతాయి. పెట్టిన డబ్బు రావడానికి నాలుగేళ్ల పైనే పడుతుంది. పాత ఫ్యాను కాలిపోయిందా, అప్పుడు కొనండి. మోటారు మళ్లీ చుట్టించడానికి పెట్టే డబ్బు దీంట్లో పెట్టండి. 200 దాటే ఇల్లయితే లెక్క వేరు. అక్కడ ముందే కొన్నా లాభమే. ఇంకో మాట. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు వేగం తగ్గిస్తుంది, కాని మిగిలిన కరెంటును వేడి చేసి పారేస్తుంది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు అట్లా పారేయదు.

ఫ్రిజ్ మీద, ఫ్యాను మీద నక్షత్రాల కాగితం అంటించి ఉంటుంది. ఇంధన సామర్థ్య బ్యూరో అనే ప్రభుత్వ సంస్థ 2006లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. నక్షత్రాలు ఎక్కువ ఉంటే కరెంటు తక్కువ. ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు ఆ కాగితం మీద ఉన్న యూనిట్ల అంకె కూడా చదవండి. సంవత్సరానికి ఎన్ని యూనిట్లో అందులో ఉంటుంది. 180 అని ఉంటే నెలకు 15. పెద్ద ఫ్రిజ్‌కు ఐదు నక్షత్రాలున్నా చిన్న ఫ్రిజ్ కంటే ఎక్కువ తినొచ్చు.

ఫ్రిజ్ తలుపు చుట్టూ రబ్బరు ఉంటుంది. అది బాగుందో లేదో ఇట్లా చూడండి. ఒక కాగితం తలుపు మధ్య పెట్టి మూయండి. కాగితం లాగండి. పట్టి ఉంచితే మంచిది. జారి వచ్చేస్తే రబ్బరు వదులైంది. చలి బయటకు పోతున్నది, మోటారు ఊరికే తిరుగుతున్నది. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకండి. వెనక వేడి పోవడానికి జానెడు జాగా ఉండాలి. వేడి పాలు, వేడి కూర లోపల పెట్టకండి.

నీళ్లు కాచే రాడ్డు గురించి ఒక హెచ్చరిక. అది 1,500 వాట్లు. ఒక బకెట్టు నీళ్లు గోరువెచ్చన దాటి కాగాలంటే యూనిట్‌లో మూడో వంతు పడుతుంది. రోజూ నాలుగు బకెట్లంటే నెలకు 40 యూనిట్లు! ఒక్క చలికాలంలోనే ఇల్లు మెట్టు ఎక్కిపోతుంది. పగలు ఎండ తగిలే చోట నల్లని పాత్రలో నీళ్లు పెడితే సగం వేడి ఊరికే వస్తుంది. డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకొకటి. రాడ్డు నీళ్లలో ఉండగా వేలు పెట్టి వేడి చూడకండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడే ముట్టుకోండి. పిల్లలుండే చోట రాడ్డు పెట్టి పక్కకు పోవద్దు.

ఏసీ ఉన్న ఇళ్లకు ఒక్క మాట. టన్నున్నర ఏసీ గంటకు దాదాపు యూనిట్ నుంచి యూనిట్‌న్నర తింటుంది. కూలరు అందులో ఎనిమిదో వంతు, పదో వంతు. స్లాబు వేడికి తట్టుకోలేక ఏసీ కొనాలనుకునేవాళ్లు ముందు ఇంటి పైకప్పుకు తెల్లసున్నం వేసి చూడండి. ఎండను తెలుపు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం అని ఒకటి తెచ్చింది. అందులో ఉన్న సంగతి కూడా ఇదే. మన పెద్దలు సున్నం ఊరికే కొట్టలేదు.

కరెంటుతో పాటు గ్యాసు పద్దు కూడా అదే పుస్తకంలో రాయవచ్చు. కొత్త సిలిండరు పెట్టిన రోజు సుద్దముక్కతో దాని మీదే తేదీ రాయండి. ఎన్ని రోజులు వచ్చిందో పుస్తకంలో ఎక్కించండి. ఇంటి సిలిండరులో గ్యాసు 14 కిలోల 200 గ్రాములు. ఖాళీ సిలిండరు బరువు దాని మెడ దగ్గర రాసి ఉంటుంది. రెండూ కలిపితే ఎంతో, తెచ్చిన మనిషి చేత తూకం వేయించండి. అడగడానికి మొహమాటపడకండి. మంట నీలంగా ఉండాలి. పసుపు మంట వచ్చి గిన్నె అడుగు మసిబారుతున్నదంటే బర్నరు కన్నాలు పూడాయి. పప్పు, శనగలు ముందే నానబెట్టడం, మూత పెట్టి వండడం, పొంగు వచ్చాక మంట తగ్గించడం. ఇవి అందరికీ తెలిసినవే. తెలిసినా చేయనివి కూడా ఇవే.

ఇక మీటరు పరీక్ష. లెక్కకూ బిల్లుకూ సగం తేడా వచ్చిందనుకోండి. అప్పుడు ఈ పని చేయాలి. ఇప్పటి మీటర్లకు చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు వాడుతున్నంతసేపూ అది మినుకు మినుకుమంటుంది. ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుమంటుందో మీటరు మీదే రాసి ఉంటుంది. చాలావాటి మీద 3,200 అని ఉంటుంది. ఆ మీటరుకు పాత ఫ్యాను ఒక్కటే వేస్తే నిమిషానికి 4 సార్లు మినుకుమంటుంది. నీళ్ల రాడ్డు వేస్తే నిమిషానికి 80 సార్లు! పిల్లలకు చెబితే ఆటలాగా లెక్కపెడతారు.

ముందు ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్గు తీయండి. ఫోను ఛార్జర్లు తీయండి. పది నిమిషాలు మీటరు చూడండి. దీపం మినుకుమనకూడదు. మినుకుమంటే ఎక్కడో కరెంటు పోతున్నది. ఇప్పుడు మెయిన్ స్విచ్చి కూడా ఆపండి. అప్పుడు ఆగిపోతే లోపం ఇంటి లోపలి వైర్లలో ఉంది. గోడ తడిసి వైరు కారుతూ ఉండొచ్చు. అది ప్రాణానికే ప్రమాదం. మీరు చెయ్యి పెట్టకండి. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మెయిన్ ఆపినా దీపం మినుకుమంటూనే ఉంటే మీటరు దగ్గరే ఏదో ఉంది. ఎవరిదైనా వైరు కలిసి ఉండొచ్చు, మీటరే చెడి ఉండొచ్చు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. మెట్ల మీది బల్బు, ఇంటివాళ్ల నీళ్ల మోటారు అద్దెకున్నవాళ్ల మీటరు మీద ఉండటం కద్దు. అర హార్స్‌పవర్ మోటారు 370 వాట్ల పైనే తింటుంది. నాలుగు వాటాలకూ నీళ్లు తోడే మోటారు మీ ఒక్కరి మీటరు మీద తిరుగుతుంటే ఆ బిల్లు మీరెందుకు కట్టాలి? గొడవ పడనక్కరలేదు. ఇంటామెను మీటరు దగ్గరకు పిలవండి. "అక్కా, మా స్విచ్చులన్నీ ఆపాను. మీ మోటారు వేయించండి, దీపం చూద్దాం" అనండి. దీపమే చెబుతుంది.

మీటరు మీద అనుమానం ఉంటే 1912 నంబరుకు ఫోను చేయవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది రాసుకోండి. కరెంటు ఆఫీసుకు వెళ్లేటప్పుడు బిల్లుతో పాటు పద్దు పుస్తకం కూడా తీసుకెళ్లండి. మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి. తేదీ వస్తుంది, టైము వస్తుంది. ఇంగ్లీషులో కె, డబ్ల్యు, హెచ్ అనే మూడు అక్షరాలు పక్కన వచ్చిన అంకే రీడింగు. నెలనెలా ఒకే తేదీన దాన్ని చూసి రాయండి. ఆఫీసులో "మీటరు ఎక్కువ తిరుగుతున్నది సార్" అంటే వినేవాళ్లు తక్కువ. "జూన్ 5న 4,338, జూలై 5న 4,433. ఇదిగో చూడండి" అంటే కుర్చీలో కూర్చున్న మనిషి పుస్తకం అందుకుంటాడు.